పొట్ట వచ్చిన లీటరు

చూయ్ లోయలో చలికాలం పాలబండి నడపడమంటే
తెల్లారకముందే ఇంజను కింద సెగ పెట్టి
ముసలి మామని లేపినట్టు బతిమాలి లేపడం.
ముప్పై నాలుగు గడపలు. ముప్పై నాలుగు క్యాన్లు.
నా చేతిలో ఒక్కటే లీటరు కొలపాత్ర.

దాని అడుగు కొంచెం కిందికి ఉబ్బి ఉండేది.
పాతదైతే అంతేగా, అనేవాణ్ని.
నిజానికి ఒక రాత్రి నేనే, గొంగళి కప్పి, చప్పుడు కాకుండా
లోపలినుంచి సుత్తితో కొట్టి దానికి పొట్ట తెప్పించాను.
లీటరుకి ఒక టీగ్లాసు ఎక్కువ పట్టేది, అంతే.
ఆ టీగ్లాసులన్నీ టొక్‌మోక్ బజారుకి వెళ్లి
మా పెద్దాడి బూట్లయ్యాయి, మా ఇంటి మీద రేకులయ్యాయి.
పదకొండేళ్లు.

జర్మన్ల వీధి చివర అగాథె ఇల్లు.
వాళ్లవాళ్లంతా సామాన్లు కట్టుకుని జర్మనీ వెళ్లిపోతే
మూడు ఆవులతో, ప్రార్థన ఇంటి తాళంచెవితో మిగిలిపోయిన మనిషి.
ఆదివారం అక్కడ ఐదుగురో ఆరుగురో పాడతారు,
అందులో ఇద్దరికి చెవులు వినపడవు.
నాకెప్పుడూ ఒక్క కరపత్రం ఇవ్వలేదు.
చచ్చాక నీ గతేమిటని భయపెట్టలేదు.
"చలిగా ఉంది తొక్తోసున్, చెవులు కప్పుకో."
ఇదే ఆవిడ బోధ.

ఆ జనవరి పొద్దున బండి ఊరు దాటబోతుంటే
అద్దంలో కనబడింది, మంచులో పరిగెత్తుతూ,
ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.
"ఆపు! నల్లావుకి పొదుగువాపు, సూది వేయించాను.
పిల్లాడు తెలీక ఆ పాలు కూడా క్యాన్లో పోశాడు."
ట్యాంకు నిండుగా ఉంది.
మనిద్దరికి తప్ప ఎవరికి తెలుస్తుంది, అన్నాను.
కోప్పడలేదు. నేనేదో అర్థంకాని భాష మాట్లాడినట్టు
నా ముఖం వంక చూసింది.
"ఎవరి పిల్లలో తాగుతారు కదా."

ఊరి పాలన్నీ కాలవ పక్క మంచులో పారబోశాం.
తెలుపులో తెలుపు. ఆవిరి తప్ప ఏమీ కనబడలేదు.
మార్చి దాకా ప్రతి గడపకీ వెళ్లి డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది.
ఆ తర్వాత మూడు ఆవుల్లో ఒకటి లేదు.

నాకేం వెలుగు కనబడలేదు. గొంతూ వినబడలేదు.
ఎప్పట్లాగే శుక్రవారం నమాజుకి వెళ్లాను.
నుదురు ఆనించగానే
నేల కొంచెం కిందికి ఉబ్బినట్టనిపించింది.

ఆ రాత్రి మళ్లీ సుత్తి తీశాను. ఈసారి బయటినుంచి.
గొంగళి కప్పలేదు. మా ఆవిడ లేచి
ఏమిటా మోత, అంది. కొలత బాగుచేస్తున్నా, అన్నాను.
తను పైనున్న రేకుల వంక చూసి
ఏమీ అనకుండా అటు తిరిగి పడుకుంది.

ఇక్కడితో అయిపోయుంటే బాగుండేది.
నెలాఖరున అగాథె పాలపుస్తకం పట్టుకుని
బండి దగ్గరికి వచ్చింది, కళ్లజోడు ముక్కు చివర.
"లెక్క తప్పావు తొక్తోసున్. ఆవులు అవే, గడ్డి అదే,
రోజుకో లీటరు ఎక్కువ రాశావు నాకు.
ఇదిగో డబ్బు."

మడతపెట్టిన నోట్లు, పాలవాసనతో.
పదకొండేళ్లలో ఆవిడ నన్నేమీ అడగలేదు.
ఇప్పుడూ అడగడం లేదు, ఇస్తోంది.
తీసుకుంటే సరిపోయేది.
"ఈ నెల లెక్క సరిగ్గానే ఉందమ్మా" అన్నాను.
"తప్పు... వెనక ఉంది."

కొలత చేతిలోకి తీసుకుంది.
సుత్తిదెబ్బల గరుకు మీద బొటనవేలితో
చాలాసేపు తడిమింది.
లోపలికెళ్లింది. తలుపేసుకుంటుందనుకున్నాను.
వేడి రొట్టె తెచ్చి, విరిచి, పెద్ద ముక్క నాకిచ్చి,
"మిగతా ముప్పై మూడిళ్లకి ఎప్పుడు చెబుతావు?" అంది.

ఆ రొట్టె ఇంకా గొంతులోనే ఉంది.
ఇవాళ ఐదో గడప.