మూడో ముడి

ముప్పై మూడో గంట.
అఫ్జల్‌గంజ్‌లో మొదటి బస్సు ఇంజను దగ్గుతోంది.
బల్ల మీద ఉన్నవాడి పేరు సాయిలు. క్యాబ్ నడుపుతాడు.
ఔటర్ మీద, శంషాబాద్‌కి దిగే చోట
ఒక్క రెప్ప వేశాడట.
స్టీరింగు లేచి వచ్చి పొట్టలో దిగింది.

చీలిన పేగును కుట్టడం నాకు వచ్చు.
హాస్టల్లో మంచం కోడుకీ, కుర్చీ చేతికీ,
టీ కప్పు చెవికీ
వేల ముడులు వేసిన వేళ్లివి.
కంటినిండా నిద్రపోయిన రోజున సూది
నేను అనుకోకముందే తిరుగుతుంది.
మణికట్టులో ఒక చిన్న వంపు, అంతే.

ఇవాళ సూది నన్ను అడుగుతోంది
ఎక్కడ దిగమంటావని.
నేనూ దాన్నే అడుగుతున్నాను.
చేయి వణకడం లేదు.
వణుకుతుందనే అనుకుంటారందరూ.
వణికితే తెలిసిపోయేది.
ఇది వేరు.
ఫోర్సెప్స్ ఒక మిల్లీమీటరు అవతల పట్టుకుంటుంది,
దారాన్ని అవసరానికి మించి లాగుతాను,
ఎంత తోక వదలాలో
కత్తిరించాక గుర్తొస్తుంది.
చేసిన పనే మళ్లీ చేస్తాను.
దూరం నుంచి చూస్తే
చాలా జాగ్రత్తగా ఉన్నట్టే ఉంటాను.

మొదటి ముడి. రెండో ముడి.
తర్వాత మా గది ఫ్యాను, దాని రెక్కల మీది బూజు,
ఆరని తువ్వాలు వాసన.

ఎంతసేపు?
లైటు కింద ఎవరూ కదల్లేదు.
ఎలీషమ్మ సిస్టర్ మాత్రం
కత్తెర ఇవ్వకుండా పట్టుకుని ఉంది.
"మూడోది వెయ్యలేదు, డాక్టరమ్మా."

వేశాను.
వేశానని చూసింది. అప్పుడిచ్చింది.

"మా రోజుల్లో మూడు రాత్రులు వరసగా నిలబడేవాళ్లం"
అంటారు సత్యవ్రత్ సార్, గ్లవ్స్ విప్పుతూ.
ఆ రోజుల్లో ఎవరి మూడో ముడి
ఎవరి కడుపులో వదులైందో
ఎవరూ లెక్క రాసుకోలేదు.

నాలుగో నాటి రౌండ్స్‌లో సాయిలు కళ్లు తెరిచి
నా ముఖమే చూస్తున్నాడు.
"నాలుగు రాత్రులు నడిపిన మేడమ్. కిస్తీ కట్టాలె.
పోలీసాయన తిట్టిండు,
నిద్దరొస్తే పక్కకు ఆపాలె గదా అని.
యాడ ఆపాలె, మీరే చెప్పుండ్రి."

డ్రెయిన్ సీసాలో నీరు తేటగా ఉంది.
దాన్నే చూశాను.

డ్యూటీ రిజిస్టర్‌లో గంటల గడి.
పన్నెండు అని వేయాలి. అందరం అదే వేస్తాం.
వేశాను.
ఒకటి పక్కకి ఒరిగి
రెండు భుజం మీద తల పెట్టుకుంది.