నీళ్ల పొయ్యి

మధ్యాహ్నం షట్టరు దించినాక వచ్చినాడు ఇమాంపీరా
షువైఖ్ గ్యారేజీ నుంచి, చంకలో క్లాంపు మీటరు.
ముబారకియా వెనక సందు, మేడ మీద మా కార్ఖానా.
గ్యాసు సిలిండరు పైకెక్కనియ్యరు గనక
సంతలో తూకానికి కొన్న స్టీలు పలకలతో
మేమే బిగించుకున్న హైడ్రోజన్ పెట్టె.
"ఏం ఆచారీ, నీ నీళ్ల పొయ్యి మళ్లా పడకేసిందంట?"

పడకేయడం కాదు పీరా, ఎగబడతాంది.
పొద్దున పన్నెండు ఆంపియర్లతో మర్యాదగా మొదలవుతాది.
మంట సూదిమొనంత, కనపడీ కనపడక.
వెలిగారం పూసిన కొక్కేనికి అట్ల చూపిస్తే చాలు,
టంకం పాకి తన చోటు తానే వెతుక్కుంటాది.
పదింటికి ఇరవై.
పదకొండున్నరకు ముప్పై, గొట్టంలో నురగ,
మంట తుమ్ముతాది, ఫ్యూజు పోతాది.
మొన్న ఒక బుట్టకమ్మ అంచు జారి బొట్టయింది.
ఆ తరుగు నా జీతంలో.

మా నాయన ఊదుగొట్టంతో ఊదేవాడు.
ఆంపియర్లన్నీ దవడల్లోనే ఉండేవి,
ఎక్కువైతే ఆయనకే దగ్గొచ్చేది.

పీరా ఏం మాట్లాడలా.
తీగ తడిమినాడు, చల్లగా ఉంది. బోల్టు కదిపినాడు, కదల్లా.
పెట్టె మీద అరచెయ్యి ఆనించి
బిడ్డ నుదురు చూసినట్టు చూసి, "జరం" అన్నాడు.
"మట్టం తగ్గినప్పుడు ఏం పోస్తాండావు?"
ఇదో, ఈ సీసాలోది. క్షారం కలిపి పెట్టిన నీళ్లు.
"ప్రతిసారీ?"
ప్రతిసారీ.

"పులుసు మరిగి మరిగి ఉప్పనైతే
మళ్లా ఉప్పేసిన పులుసే పోస్తావా, ఆచారీ?
కరెంటు తినేది నీళ్లను. క్షారం జోలికి పోదు.
నువ్వు దినామూ ఇంత ఉప్పేసి దారి వెడల్పు చేస్తాండావు,
వేడెక్కితే ఇంకా వెడల్పు.
తలుపు తీసి పెట్టి, వచ్చినోళ్లను ఎందుకొచ్చినారంటే ఎట్ల?"

మూత తీస్తే పెన్నలో కొత్తనీళ్ల రంగు.
అది నా తప్పే. ఊరికే వస్తాండాయని
కిటికీ ఏసీ కారే నీళ్లు రెండు నెలలు పట్టి పోసినా.
"రాగి గొట్టాలు, దుమ్ము కడుక్కొని వచ్చిన నీళ్లవి.
సముద్రాన్నే కాచి తాగే ఊర్లో ఉండి
ఒక్క డబ్బా డిస్టిల్డ్ వాటరుకు పీనాసితనమా!"

అప్పుడు చూసినాడు బుడగల సీసా.
అడుగంటి ఉంది.
నెత్తిన ఒక్కటి మొట్టినాడు, నిజంగానే, నొప్పి పుట్టేట్టు.
"ముప్పై ఆంపియర్లకు పొయ్యేది ఫ్యూజు.
ఇది ఎండితే మంట వెనక్కి నడిచొస్తాది.
మొదలు ఇది చూడు. మిగతావన్నీ తర్వాత."
చాలాసేపు నా మొహం చూడలా.

పలకలు విప్పి కడిగినాం.
జనవరిలో కొలిచిన పాళ్లు జూన్‌లో నడవవంట,
నల్లా తిప్పితేనే టీ కాగేటంత వేడి గదా ఇప్పుడు.
క్షారం సగానికి తగ్గించి కలిపినాం.
మట్టం కాడ గొట్టానికి ఎర్రదారం కట్టినాం.
తొమ్మిది ఆంపియర్లు.
ఇద్దరం కాపలా కూర్చున్నాం, మీటరు ముందర,
పాలు పొంగుతాయని కూర్చునే ఆడోళ్ల మాదిరి.
పదకొండు.
పద్నాలుగు.
అసర్ పిలుపు వినొచ్చింది. పద్నాలుగే.

పీరా లేచినాడు. వీపు మీద చొక్కాకు
తెల్లటి గీతలు, ఒకదాని మీద ఒకటి,
గ్యారేజీ పొద్దులు ఆరిన చోట.
మంచినీళ్ల సీసా చేతికిచ్చినా.
గటగటా తాగి, ఖాళీ సీసా నా బల్ల మీదే పెట్టి పోయినాడు.

రాత్రి పని రిపన్‌ది, ఢాకా పిల్లోడు, తెలుగు రాదు.
గోడకు కాగితం అంటించినా:
ఒక నీటిచుక్క, పక్కన చెంచా,
చెంచా మీద అడ్డగీత.
పొద్దున వస్తూనే అడుగుతాండాడు,
"ఆచారీ భాయ్, రేపట్నించి టీలో చక్కెర బందా?"