అడ్డగీత

షిప్పింగ్ ఏజెన్సీ వాళ్లిచ్చిన కొత్త క్యాలెండరు
మేకుకి తగిలించాడు దాలినాయుడు.
జనవరి మీద ఎర్ర ఓడ,
ఓడ కింద ఖాళీ గళ్లు.
"ఏటి రాద్దాం బాబూ?"
చెవి మీంచి పెన్సిలు తీశాడు.

ఫిజియో అమ్మాయి ముందే కాగితం ఇచ్చి వెళ్లింది.
రోజుకి ఇరవై అడుగులు, వాకరుతో.
రబ్బరు బంతి పిసకడం, యాభైసార్లు.
ఉప్పు సగం. బెలూన్లోకి ఊపిరి.
చివర్న చేత్తో గీసిన నవ్వు బొమ్మ.

ముప్ఫై ఒక్క ఏళ్లు పోర్టులో టాలీ క్లర్కుని.
క్రేను కొక్కెం దిగినప్పుడల్లా ఒక నిలువు గీత,
నాలుగు నిలువులకి ఒక అడ్డగీత.
యూరియా బస్తాలు, పంచదార బస్తాలు,
ఒకసారి ఎక్కడ్నుంచో తడిసొచ్చిన సిమెంటు,
అన్నీ నా గీతల మీంచే గోడౌనుకి నడిచాయి.
ఇప్పుడు కుడిచెయ్యి ఒళ్లో పడుకుని ఉంటుంది,
ఎవరో తమ పిల్లని కాసేపు చూడమని ఇచ్చి వెళ్లినట్టు.

"ఇరవై అడుగులు వద్దు" అన్నాను.
నా మాట ముద్దగా వస్తుంది, వాడికి అలవాటే.
"రాయి.
చొక్కాకి ఒక్క గుండీ, ఎడమచేత్తో, నేనే.
రాత్రి గంట రెండుసార్లకి మించి కొట్టకూడదు.
బాత్రూం సంగతి ఆలస్యం కాకముందే చెప్పాలి,
సిగ్గు తర్వాత పడొచ్చు.
ఇంకోటి.
'జీతం ఇస్తున్నాను కదా' అనే మాట
ఈ ఏడాది నోట్లోంచి రాకూడదు."

పెన్సిలు ఆగింది.
"ఇదెందుకు బాబూ, అందరూ అంటారు కదేటి."
"రాయి."

మరి నీవి?
నవ్వాడు. "నాకేటుంటాయి, నానేటి పేషెంటునా?"
బేకరీ ముందు కేకుల అట్టపెట్టెలు మనిషెత్తు పేర్చారట,
బీచి రోడ్డు మూసేశారట, అవన్నీ చెప్పాడు.
మాట తప్పించడం బాగా వచ్చు వాడికి.

నా కాళ్లకి దుప్పటి కప్పుతూ
సగం వంగినచోటే ఆగిపోయాడు.
చొక్కా పైకి జరిగింది.
నడుం మీద ప్లాస్టరు. పాతది, అంచులు నల్లబడి.

"ఎప్పట్నుంచి?"
"కార్తీకం కాడ్నుంచి.
మీరు బాత్రూంలో జారిపోనారు సూడండి, అప్పట్నుంచి."

బస్తాని ఎత్తినప్పుడొకసారి, దించినప్పుడొకసారి
లెక్కపెట్టినవాణ్ణి.
మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి,
పదకొండు నెలలు, రోజుకి ఆరేడుసార్లు.
ఈ సరుక్కి టాలీ షీటే లేదు.

పన్నెండయ్యింది.
హార్బరులో ఓడలన్నీ ఒక్కసారి హారన్లు పట్టాయి.
ఒకటి బొంగురు, ఒకటి పొడుగు,
ఒకటి ఆలస్యంగా మొదలెట్టి ఆపడం మర్చిపోయింది.
కోటవీధి కుక్కలు వాటికి జవాబిచ్చాయి.
కిటికీ అద్దం వణికింది, స్టీలు గ్లాసులో నీళ్లూ.
ఆ గోలలో చెప్పాడు, వినపడదనుకుని కాబోలు:
"ఒక్కపూటైనా కూసోని తినాలనుంది బాబూ."

పెన్సిలు లాక్కున్నాను.
క్యాలెండరు ఒళ్లో పెట్టించుకుని ఎడమచేత్తో
'దా' రాయడానికే మూడు నిమిషాలు.
దాలి: కూర్చుని తిండి.
దాలి: నడుం, కేజీహెచ్.
ఆ పూటకి మా చెల్లెలు వరహాలుని రమ్మని అడగాలి.
అడగడం నాకు రాదు. అదీ రాశాను, నా పేరు కింద.

ఇవాళ తొమ్మిదో తారీఖు.
గుండీ: ఒకటిన్నర. రెండోది కన్నంలో సగమే దూరింది,
సగం గీత వేసుకున్నాను.
గంట: మాట తప్పాను. మొన్న ఐదుసార్లు.
వరహాలు సోమవారం వస్తానంది,
ఇన్నాళ్లూ అడగలేదేమని తిట్టి మరీ.
కూర్చుని తిండి: నాలుగు నిలువులు,
గాలికి ఊగే సరుగుళ్లలా వంకరవంకరగా.
ఐదోది అడ్డం పడాలి.

పొద్దున్న ఉప్మా ప్లేటు చేతిలోనే పట్టుకుని,
కుక్కరు మీద ఒక కన్ను, నా మీద ఒక కన్ను,
నిలబడే తినీసి,
"ఏసియ్యండి బాబూ, గీతే కదా" అన్నాడు.

వెయ్యలేదు.
ఫోర్మన్లు బతిమాలినా, సీసా చూపించినా
ఒక్క దొంగ గీత గియ్యని చెయ్యి నాది.
ఆ చెయ్యి ఇది కాదనుకోండి.
కుర్చీ చూపించాను.
ఇంకా మధ్యాహ్నం ఉంది.