సరుగుడు చక్రం

గుణుపురం పాసింజరు ఇవాళ నలభై నిమిషాలు లేటు.
నౌపడలో మా చిన్నాన్న ఎక్కించిన గోనెసంచి
తలుపు పక్కన, ఎవరి కాళ్ళకో అడ్డంగా,
టిక్కెట్టు లేకుండా రాష్ట్రం దాటి వచ్చింది.
మూతి విప్పగానే ఇంట్లోకి సముద్రం గాలి.
సరుగుడు.
కోసి ఒక్క పూటే అయింది, తెగిన చోట ఇంకా తడి.

నిరుడు మామిడాకులతో కట్టాం.
రెండో నాటికే అప్పడాల్లా మోగాయి.
మిషను ఆసుపత్రి కేలండరులో బొమ్మ మాత్రం
ఏడాది పొడుగునా పచ్చగానే ఉంది, మీద మంచుతో.
మంచు మాకెక్కడిది.
తెల్లారుజామున వంశధార మీద లేచే పొగే మా మంచు.

మా ఆయన మోటార్లు చుడతాడు.
ఏటి ఒడ్డున కాలిపోయిన పంపులన్నీ
ఆఖరికి మా వసారాలోకే వస్తాయి.
తీతు మిస్త్రీ అంటే పద్మపురం దాకా తెలుసు.
సైకిలు చక్రం ఒకటి, చువ్వలు పీకేసి,
ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.
పాత రాగి తీగ, ఒక కొమ్మ, మళ్ళీ తీగ.
పెదాలు కదులుతున్నాయి: ఎకొ, దుయి, తిని, చారి.
పని నేర్పిన గురువు ఒడియావాడు.
అందుకే ఈయన లెక్క ఒడియాలో, ప్రార్థన తెలుగులో.
కోపం మాత్రం ఏ భాషలోనూ నేర్చుకోలేదు.

"వత్తుగా కట్టు, ఇనుము కనబడకూడదు" అన్నాను.
"ఇనుము కనబడకుండా చుట్టడమేగా నా బతుకు" అన్నాడు.

మంగళవారం సంతలో సవర ముసలమ్మ
సోలతో కొలిచి పోసిన గురివిందలు
దారానికి గుచ్చుతున్నాను.
గట్టి గింజ. సూది జారి
బొటనవేలిలో రెండుసార్లు దిగింది.
తన నలుపు తానెరగదని ఆడిపోసుకుంటారు గానీ, పాపం,
సూదికి దారిచ్చేది ఆ నలుపే.

రిబ్కా ఏ పనీ చెయ్యదు.
ఒక్కో ఆకూ కణుపు దగ్గర లాగి, మళ్ళీ అతికించి
నా కళ్ళ ముందు ఆడిస్తుంది:
"చెప్పమ్మా, ఎక్కడ తెగిందో?"
చెప్తాను. తప్పు.
మళ్ళీ చెప్తాను. మళ్ళీ తప్పు.

చీకటి పడకముందే గుమ్మానికి తగిలించాం.
ఇక్కడ ఈ పండగని బడొదినొ అంటారు, పెద్ద రోజని.
చూస్తే డిసెంబరు పగలు జానెడు,
ఐదున్నరకే కొండల వెనక్కి జారిపోతుంది.
పెద్దది అవడానికి ఇంకేదో కారణం ఉండాలి.

ఎదురింటి మాలతి నాని నీళ్ళ చెంబుతో బయటికొచ్చి
ఆగిపోయింది. చెంబు కింద పెట్టింది.
చెప్పులు మా మెట్టు దగ్గర విప్పి, గొంతు తగ్గించి,
"ఎవరమ్మా పోయింది?"

ఆవిడ తప్పు లేదు.
పోలీసు ఠాణా ముందు రాతి పలక దగ్గరో
పెద్దవాళ్ళెవరైనా పోతే గాజు పెట్టె మీదో తప్ప
ఈ ఊళ్ళో చక్రం ఎక్కడ చూస్తాం?
తీతు నవ్వాడు. "పండగ, నానీ, పండగ."
ఆవిడ నాలిక్కరుచుకుంది. తనూ నవ్వింది.
వెళ్తూ వెళ్తూ ఆకుల్ని ఒకసారి నిమిరింది,
పిల్లకి తల దువ్వినట్టు.

నేను దారం ముడి వేస్తూనే ఉన్నాను.
జూలైలో ఇదే గుమ్మం దాటిన పెట్టె
ఈయన రెండు చేతుల మధ్య పట్టింది.
దాని మీద చక్రం లేదు.
అంత చిన్నది ఎవరూ కట్టరు.

రాత్రి అన్నాలయ్యాక మగ్గుతో నీళ్ళు తెచ్చి చల్లాడు,
పచ్చదనం పండగ దాకా ఆగాలని.
మొదలూ చివరా కలిసిన చోటు ఎక్కడో
కట్టినవాడికే దొరకడం లేదు.
వేళ్ళతో తడుముతున్నాడు, ఎకొ, దుయి...

రిబ్కా నిద్రకళ్ళతో నా ఒళ్ళో చేరి
ఇంకో ఆకు ఎత్తి పట్టింది.
ఈసారి బల్బు వెలుగులో సన్నటి గీత
స్పష్టంగా కనబడింది.
నేను పక్క కణుపు చూపించాను.
"తప్పు!" అంది, ఇల్లంతా వినబడేలా.