పావు చుట్టు

రాత్రే కిరసనాయిల్లో కడిగాను
నిస్సీ స్కేట్ల బేరింగులు పదహారూ.
మోపెడ్లు బాగుచేసే చేతులివి,
వీటికి తెలిసింది నేల మీద తిరిగేదే.

గుంటూరు. రోహిణి కార్తె.
తొమ్మిదింటికే రింకు సిమెంటు పెనమైంది.
మస్తాన్ మాస్టారు గొంతు తగ్గించి అన్నాడు:
"ఒకటిన్నర చాలమ్మా. వెండి ఎటూ పోదు."
అది నా వైపు చూసింది.
నేను వంగి లేసుకి ఇంకో ముడి వేశాను.
సరేననో, వద్దనో,
ఆ ముడికి అర్థం నాకే తెలీదు.

వెనక్కి జారి, గిర్రున ముందుకు మళ్లి
ఎడమ కాలు నేలని వదిలేసింది.
ఒకటి.
రెండు.
చెల్లి గాల్లో ఉన్నంతసేపూ
నాకు చక్రాల చప్పుడే వినిపించింది,
దేన్నీ తాకకుండా
ఎంత హాయిగా తిరుగుతున్నాయో!
తర్వాత మణికట్టు.

ఆటోలో, ఐసు సంచి కింద
వేళ్లు ఒక్కొక్కటే కదిపి చూసుకుంటూ అడిగింది:
"ఎన్నన్నా?"
"రెండున్నర."
"అబద్ధం. రెండుంపావు."

అరండల్‌పేట సిగ్నల్ దగ్గర ఆగాం.
గోళ్ల సందుల్లో ఇంకా కిరసనాయిలు వాసన.
ఆ పావు ఎక్కడ బిగుసుకుందా అని
పదహారూ మళ్లీ విప్పుతున్నాను,
ఒళ్లో ఖాళీ చేతులతో.