మూస్తే సున్నా

పార్సెలు కలకత్తా దాటిందని ఫోను చెప్పాక
పదిహేడు రోజులు గుణుపురంలో ఉత్త ఎండే కాసింది.
పద్దెనిమిదో నాడు పీతబాస్ సైకిలు దిగి
"సొహి కొరొంతు" అంటూ నల్ల సంచి చేతిలో పెట్టాడు.

లోపల రెండు శాల్తీలు:
ఎనిమిది వందల డిజిటల్ కాలిపర్,
పదకొండు వందల బొమ్మ రైలింజను.
కలిపితే లేతు షెడ్డులో నా మూడు రోజుల కూలి.
పేకాటలో పోయిందంటే ఇంట్లో నమ్ముతారు.
కొన్నానంటేనే
"ఏటిది?" అని మొదలెడతారు.

కాలిపర్ నోరు మూస్తే సున్నా చూపాలి.
చూపింది.
మళ్లీ మూస్తే, పాయింట్ సున్నా మూడు.
ఊపిరి బిగబట్టి మూస్తే మైనస్ రెండు.

మా దండాసి మేస్త్రీ బొటనవేలి గోరుతో ఇరుసు తడిమి
"ఎంట్రుకవాసి తక్కువరా" అనేవాడు.
ఆ గోరుకి బ్యాటరీ లేదు.
తప్పులు మాత్రం ఉండేవి, చెప్పుకోం గానీ.
రైసుమిల్లు షాఫ్టొకటి
రెండుసార్లు బండెక్కి తిరిగొచ్చింది.

ఇంజను సంగతి వేరు.
నౌపడ నుంచి ఇక్కడికి చిన్నబండి నడిచిన రోజుల్లో
పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు.
అట్టపెట్టె మీద ఎనభై ఏడో వంతు అని రాశారు.
బీడీకట్ట కాగితం మీద భాగించి చూశాను,
తొమ్మిది మిల్లీమీటర్లకి కాస్త లోపు.

చక్రాల మధ్య కాలిపర్ పెట్టాను.
తొమ్మిది.
తొమ్మిది పాయింట్ ఒకటి.
ఎనిమిది పాయింట్ తొమ్మిది.
అబద్ధం ఎవరిది?
కొలిచేదానిదా, కొలిపించుకునేదానిదా?
నమ్మకం లేని రెంటినీ ఒకదానికొకటి ఆనిస్తే
కచ్చితంగా తేలింది ఒక్కటే,
నా చెయ్యి వణుకు.

ఎడమ వెనక చక్రం వంకర.
బల్ల మీద తోస్తే
పర్లాకిమిడి దాటాక మలుపులో
పెద్దమనుషుల భుజాలు రాసుకునేలా ఊగిన
ఆ ఊగుడే, అచ్చం.
తెలియక చేసిన ఆ పని ఒక్కటీ
సరిగ్గా చేశారు.

మర్నాడు పీతబాస్ అడిగాడు, "భొల జినిసొ?"
అవుననీ కాదనీ కాకుండా తలాడించాను.
వాపసు గడువు ఏడు రోజులు.
పెట్టె చింపలేదు, టేపు కూడా దాచాను.

రాత్రి ఫోనులో ఇంకో కాలిపర్ కనిపించింది.
ఆరువందలే.
ఇది నిజం చెబుతోందో లేదో
దాంతో చూసుకోవచ్చు గదా.