తగరం

డులూత్ రింకు వెనక, బాయిలర్ గది పక్కన
నాకొక సానరాయి, ఒక స్టూలు, ఒక రేడియో.
నలభై ఏళ్లుగా ఊళ్లో స్కేట్లన్నీ
నా చేతి కింద నుంచే పోయాయి.
మొహాలు మర్చిపోతాను. ఉక్కుని మర్చిపోను.

మార్లిస్ స్కూబిచ్ తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది,
అక్క బూట్లలో పాత సాక్సు కుక్కుకుని.
"హాకీ వాళ్లకి పెట్టినట్టు పెట్టొద్దు,
నేను డాన్సు చేస్తాను."
సరే తల్లీ, అన్నాను.

తెలియని వాళ్లు బ్లేడుకి ఒకటే అంచు అనుకుంటారు.
రెండు. లోపలిదొకటి, బయటిదొకటి,
మధ్యలో గోటితో గీసినంత లోయ.
నిలబడాల్సింది ఎప్పుడూ ఒక అంచు మీదే.
రెండిటి మీదా నిలబడితే జడ్జి మార్కు కోస్తాడు.

వెర్న్ హౌటలాతో జత కుదిరాక
ఆమె ఎడమకాలి బయటి అంచు ముందుగా అరగడం మొదలైంది,
అతని కుడికాలి లోపలిది.
రెండు జతలూ బల్ల మీద పక్కపక్కన పెడితే
ఒకే వంపు రెండు ముక్కలుగా కనిపించేది.
వాళ్లకి చెప్పలేదు.
అడగందే చెప్పడం నా పని కాదు.

తెల్లవారుజామున నాలుగున్నర. సరస్సు గాలికి
తాళంచెవి వేళ్లకి అతుక్కునేది.
లోపల ఖాళీ బెంచీలు, అరిగిన రికార్డు, అదే టాంగో,
కోచ్ మిసెస్ ఆబర్గ్ గొంతు:
"దగ్గరగా! మీ మధ్య ఒక ఉత్తరం కూడా దూరకూడదు!"
గాల్లోకి గిరగిరా ఎగరడాలు లేవు, తల మీదికి ఎత్తడాలు లేవు.
చూసేవాళ్లకి తేలికే.
కత్తి మీద సాము అంటారు కదా,
అది సాములా కనబడకుండా చెయ్యడం వాళ్ల పని.

జాతీయ పోటీలు. ప్రపంచ పోటీలకు వెళ్లేవి మూడు జంటలు.
వీళ్లది నాలుగో స్థానం.
మా దేశంలో నాలుగో వాళ్లకీ పతకం ఇస్తారు, తగరంతో చేసింది.
ఆమె దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టింది.
"దీనికి సాన పడుతుందా?"
మెత్తటి లోహం, రాయికి అంటుకుపోతుంది, అన్నాను.
నవ్వింది. ఆ నవ్వేమీ బాగోలేదు.
పతకం అక్కడే మర్చిపోయి వెళ్లింది.
ఆ ఫిబ్రవరంతా పెట్టె సర్దుకుని ఫోను పక్కన కూర్చుందట,
ఎవరి చీలమండైనా బెణుకుతుందేమోనని.
ఎవరిదీ బెణకలేదు.

మరుసటేడూ నాలుగే. ఆపై ఏడు, ఐదు.
వెర్న్ ఇనుపఖనిజం రేవులో పనికి చేరాడు,
పెళ్లి చేసుకున్నాడు, ఇంకో అమ్మాయిని.

తర్వాత ఐస్ షో. ఆరేళ్లు బస్సుల్లో.
కొత్త జోడీ క్లిఫర్డ్ డెమెరస్, ఎలుగుబంటి తోలు లోపల.
ఆమె కొన్నాళ్లు టీ కెటిలు, కొన్నాళ్లు చందమామ.
బ్లేడులు పోస్టులో వచ్చేవి, టల్సా నుంచి, స్పోకేన్ నుంచి.
స్క్రూల సందుల్లో ఇరుక్కున్న తళుకులు
పట్టకారుతో తీసేవాణ్ని.
అప్పటికి రెండు అంచులూ సమంగా అరుగుతున్నాయి.
అది మంచి గుర్తు కాదు.
ఎవరి వైపూ ఒరగడం లేదన్నమాట.

ఒకసారి పొట్లంలో ఒక చీటీ:
"నిన్న పెయోరియాలో కరెంటు పోయింది. పాట ఆగిపోయింది.
బ్లేడుల చప్పుడు వింటూ పూర్తి చేశాం.
ఇన్నేళ్లలో అదొక్కటే సరిగ్గా వచ్చింది.
ఎవ్వరూ చూళ్లేదు."

ఇప్పుడిక్కడే పిల్లలకి నేర్పుతోంది.
అద్దె స్కేట్లు బస్తాలో పోసుకొస్తుంది,
మొండి బ్లేడులని నన్ను తిడుతుంది.
మొన్న అక్టోబరులో మాత్రం తన పాత జత తెచ్చింది.
కొలిచి చూశాను.
ఇంకోసారి పెడితే ఉక్కు ఉండదు, మరలే మిగుల్తాయి.
"తెలుసు. పెట్టు."

పెట్టాను. నిప్పురవ్వలు కూడా సన్నగానే లేచాయి.

ఆ రాత్రి పిల్లలంతా వెళ్లిపోయాక
గోడ అవతల చప్పుడు.
రేడియో కట్టేశాను.
ఎడమకాలు. బయటి అంచు. లోతుగా.
పక్కన ఎవరూ లేరు, అయినా ఒరుగుతోంది.

తగరం ఇంకా నా బల్ల మీదే ఉంది,
రసీదులు ఎగిరిపోకుండా.
ఆమె అడగలేదు.